చంటిపాపతో మూడు గుట్టలు

ఆదిపర్వము చదివిన సోదరీమణులకు కుంతీదేవి కథ జ్ఞాపకముండును. శతశృంగమున నున్నప్పుడు పులిని చూచి ఆమె యులికిపడగా, పసిబిడ్డడగు భీముడు జారి శిలపై పడెను. బిడ్డకు దెబ్బ తగులలేదు, శిలయే నుగ్గయ్యెను. పది నెలల పాపను కట్టుకొని గుట్టలెక్కి వచ్చెదనని నేనన్ననాడు మా యత్తగారు ఈ కథనే యెత్తి, "ఆ తల్లి కొడుకు భీముడు కాబట్టి సరిపోయింది. మన పిల్ల భీముడు గాదు, మన గుట్టల రాయి మెత్తబడదు" అనిరి.

ఆ మాటలో భయము కలదు; ప్రేమయు కలదు. ఆ భయమును నేను ఇంటిలో విడిచిపోలేదు, వెంటనే తీసికొనిపోయితిని. అది యెచ్చట నిజమయ్యెనో, యెచ్చట వట్టిదయ్యెనో నాబోటి తల్లులకు చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది బచ్చన్నపేట. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11న జనగామ జిల్లా యేర్పడినప్పుడు అందులో చేరినది. ఇది మెట్టసీమ. వాన కురిసిన యేడు చెరువు నిండును. కురియని యేడు ఆకాశమును చూచుటే పని. పత్తిచేలు, తాటిచెట్లు, వాని నడుమ నెటు చూచినను గుట్టలు. ఈ రాతికి సుమారు 250 కోట్ల యేండ్ల వయస్సని భూగర్భశాస్త్రవేత్తలు చెప్పుదురు. హిమాలయములు పైకి లేవనారంభించి సుమారు 5 కోట్ల యేండ్లే యైనది. అనగా మా గుట్టల ముందు అంతటి హిమాలయములును చంటిబిడ్డలే.

ఇట్టి గుట్టల నడుమ కాపురముండియు, ప్రసవమైన తరువాత పది నెలలలో నేను చూచినవి ఆసుపత్రి, అంగడి, గుడి. అంతియే. మా వారు ఉపాధ్యాయులు. వీలైనప్పుడెల్ల బడిపిల్లలను వెంటబెట్టుకొని యేదో యొక గుట్టకు పోయి వచ్చి, సాయంకాలము దానిని వర్ణించుచుందురు. నేను పాప బట్టలు మడతపెట్టుచు వినుచుందును. ఒకనాడు విని విని, "వర్ణన చాలు; ఈసారి నన్ను గూడ తీసుకపోండి" అంటిని. ఆయన నవ్వి, "పాప?" అనిరి. "పాపను గూడ" అంటిని.

సెలవులును కలిసివచ్చినవి. 2023 డిసెంబరు 24 ఆదివారము, మరునాడు క్రిస్మసు, దాని మరునాడును మన రాష్ట్రమున సెలవే. ముక్కోటి యేకాదశి వెళ్లిన మరునాటినుండి మార్గశిర పూర్ణిమ వరకు మూడు దినములు దొరకినవి. అప్పటికి పదునైదు దినముల క్రిందటనే, డిసెంబరు 9న, మహాలక్ష్మి పథకము మొదలై పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణ మేర్పడియుండెను. కండక్టరు చేతినుండి సున్న రూపాయల టిక్కెట్టు పుచ్చుకొన్నప్పుడు, నా ప్రయాణమునకు నేనెవ్వరిని పైసలడుగ నక్కర లేదు గదా యను తలంపు కలిగి మనస్సు తేలికయైనది. బస్సు స్త్రీలతో కిటకిటలాడుచుండెను. అయినను చంటిపిల్లతల్లి యని జరిగి చోటు చేయని వారు లేరు.

ఇక సన్నాహము. మొదటి ప్రశ్న బిడ్డను మోయుట యెట్లని. మన లంబాడి సోదరీమణులు గుడ్డతో బిడ్డను వీపున కట్టుకొని చేనిలో దినమంతయు పని చేయుదురు. నేడు అంగళ్లలో బిడ్డను మోయుటకు కుట్టిన సంచులును దొరకుచున్నవి. గుడ్డయైనను సంచియైనను చూచుకొనవలసినవి ఒక్కటే. బిడ్డ తొడలు ఎడముగా చాచి, మోకాళ్లు పిరుదులకంటె కొంచెము పైకి ఉండవలెను. కాళ్లు సూటిగా వ్రేలాడరాదు. గడ్డము ఎదకు ఆనరాదు. నడుమ రెండు వ్రేళ్లు పట్టవలెను. ముక్కునకు గుడ్డ అడ్డురాక, ముఖము సదా మనకు కనబడుచుండవలెను. మెడ నిలువని బిడ్డను గుట్టలకు తీసికొనిపోవుట నేను ఒప్పను.

రెండవది ఆహారము. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప మంచినీళ్లయినను అక్కరలేదనియు, పిమ్మట మెత్తని యన్నము మొదలుపెట్టి రెండేండ్ల వరకు, ఆపైని గూడ, పాలియ్యవచ్చుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి సలహా. మా పాపకు పదవనెల గనుక రాగిజావ, పెసరపప్పుతో మెత్తగా నుడికించిన యన్నము, కాచి చల్లార్చిన నీళ్లు తీసికొంటిని. రెండు నూలుటోపీలు, ఒక ఉన్నిటోపీ, ఎనిమిది మెత్తని పాతబట్టలు, ఒక దుప్పటి. మా వారి సంచి నాకంటె బరువైనది. నా భారము మాత్రము ప్రాణమున్నది.

మొదటి దినము దూరము పోలేదు. మా యూరికి సమీపముననే కొడవటూరు కలదు. అచ్చటి సిద్ధులగుట్టపై సిద్ధేశ్వరస్వామి వెలసి యున్నాడు. ఎండ వాలిన పిమ్మట బయలుదేరితిమి. పాపను ఎదకు కట్టుకొని మెల్లగా నెక్కితిని. పాప నా గుండెచప్పుడు వినుచు, తలయెత్తి కోతులను చూచి యాశ్చర్యపడుచు, ఒక్కమారైనను ఏడువలేదు. దర్శనము చేసికొని, రాతిపై కూర్చుండి, పొలములలోని పొగమంచు మెల్లగా పరచుకొనుట చూచితిని. ఇంతేనా, దీనికా ఇన్ని దినములు జంకితినని నాకు గర్వము కలిగినది.

దిగునప్పుడు ఆ గర్వము కొంత దిగినది. బిడ్డను ముందు కట్టుకొన్నవారికి తమ పాదములు తమకు కనబడవు. ఎక్కునప్పుడు మెట్టు కంటికెదురుగా నుండును గనుక ఇది తోచదు. దిగునప్పుడు ప్రతి అడుగును గ్రుడ్డివాని యడుగే. నేను ఒక రాతిపై నిలిచిపోయితిని. మా వారు ముందునకు వచ్చి, ఒక మెట్టు క్రింద నడచుచు, భుజము నా చేతికిచ్చి దింపిరి. సోదరీమణులారా, ఎక్కుటకు ధైర్యము చాలును. బిడ్డతో దిగుటకు మాత్రము ముందొక మనిషి కావలెను.

రెండవ దినము తెల్లవారి జనగామ చేరి, కాజీపేట నుండి సికింద్రాబాదు పోవు మార్గమున రైలెక్కి, ఆలేరు దాటి భువనగిరిలో దిగితిమి. అచ్చటి కోట రాళ్లు పేర్చిన గుట్టపైనిది కాదు. గుట్టయంతయు ఒక్కటే రాయి. దూరమునుండి చూచిన పెద్ద కోడిగ్రుడ్డును భూమిలో సగము పాతినట్లుండును. పశ్చిమ చాళుక్యరాజగు ఆరవ విక్రమాదిత్యుడు, త్రిభువనమల్లుడని బిరుదు గలవాడు, 1076 నుండి 1126 వరకు ఏలినవాడు, దీనిపై కోట గట్టించెను. ఆయన బిరుదమునుబట్టియే త్రిభువనగిరి యనబడి, అది భువనగిరి యైనది. ఎత్తు 500 అడుగులకు పైబడియుండును.

తెల్లవారుజామున ఎక్కవలెనని మా సంకల్పము. కాని చంటిబిడ్డయున్న చోట గడియారము బిడ్డ చేతిలో నుండును. పాలు, జావ, నిద్ర, మరల బట్ట మార్చుట, ఇవన్నియు ముగిసి మెట్ల మొదట నిలుచుసరికి పదకొండు గంటలు దాటినది. శీతకాలమే గదా యని బయలుదేరితిమి. ఇక్కడనే నేను తప్పు చేసితిని. గాలి చల్లగానే యుండెను. రాయి మాత్రము చల్లగా లేదు. ఉదయమునుండి త్రాగిన యెండను అది మాపై క్రక్కుచుండెను. పైని ఎండ, క్రింద రాయి, నడుమ నా యొడలి వేడి, పాప యొడలి వేడి. ఒకే గుడ్డలో రెండు కుంపట్లు కట్టినట్లయినది.

మొదటి ద్వారము చేరి నీడలో నిలిచి పాప ముఖము చూచితిని. ఎఱ్ఱబారినది. చెమటతో జుట్టు నుదుట నంటుకొన్నది. పాలియ్యబోతిని, తల త్రిప్పుకొన్నది. ఏడ్చినను ధైర్యముగా నుండెడిది. ఏడువక, మెడ వాల్చి ఊరకున్నది. అప్పుడు నా మనస్సున రెండు మాటలు పోరాడినవి. తిరిగిపొమ్మని యొకటి. ఇంకొకటి చెప్పుటకు సిగ్గగుచున్నది గాని చెప్పెదను: ఇంటివద్ద అంత వాదించి వచ్చి, మొదటి ద్వారముననే తిరిగి పోయితినని ఏ ముఖముతో చెప్పుదును? తల్లినగు నేను ఆ యొక్క నిమిషము బిడ్డ ముఖము విడిచి నా ముఖమును గూర్చి యాలోచించితిని.

ఆ నీడలోనే ఒక ముసలమ్మ గంపతో జామకాయలమ్ముచుండెను. ఆమె పాపను చూచి, "గుట్ట యాడికి పోతది బిడ్డా? ఇయ్యాల గాకుంటె మల్లొస్తవు. ముందుగాల పిల్లను నీడకు తీస్కపో" అనెను. ఆ మాటతో నా వాదమంతయు తెగిపోయినది. గుట్టకు 250 కోట్ల యేండ్లు. నా బిడ్డకు పది నెలలు. వేచియుండగలది ఏదో అంతకుముందే నాకు తెలియవలసినది.

వెంటనే దిగితిమి. వేపచెట్టు నీడను దుప్పటి పరచి, పాప బట్టలు సడలించి, తడిగుడ్డతో మెడ, చంకలు, పాదములు తుడిచి, మా వారు విసరుచుండగా కొంచెము కొంచెముగా పాలిచ్చితిని. కొంతసేపటికి త్రాగినది, త్రాగి బట్ట తడిపినది. అంత సంతోషముతో నేనెన్నడును తడిబట్ట మార్చి యెరుగను. తల్లులు ఈ గుర్తులు మరువరాదు. బిడ్డ ముఖము జేవురించుట, పాలు మాని మందముగా నుండుట, ఆరు గంటలైనను మూత్రము పోయకుండుట, ఇవి యెండదెబ్బకును నీరు తగ్గుటకును సూచనలు. నీడలో చల్లబరచి పాలిచ్చినను బిడ్డ తేరుకొనకున్న, ఆలస్యము చేయక వైద్యుని కడకు పోవలెను.

పాప నిద్రపోయిన పిమ్మట మా వారు, "నేను పిల్లలతో రెండుసార్లు ఎక్కినాను. పాప లేచేవరకు నేను చూస్తాను. నీవు పోయి రా" అనిరి. నేను వలదంటిని. ఆయన మరల అనిరి. పోయితిని.

పది నెలలలో మొదటిసారి నా చేతులు ఖాళీగా నుండెను. మొదటి ద్వారము దాటి, రాతిలో చెక్కిన మెట్లెక్కి, ఒక మలుపున గోడ కానుకొని నిలిచితిని. క్రింద భువనగిరి ఇండ్లు, చెరువు మెఱుపు, రైలుదారి. నా యొడలు గాలికి తేలిపోవునంత తేలికయైనట్లు తోచినది. ఆ తేలికకు సంతోషము కలిగినది. బిడ్డ లేని తేలికకు సంతోషించితి నని వెంటనే సిగ్గును కలిగినది. రెండును నిజమే. రెండింటిని ఒక్క గుండెలో మోయుటయే తల్లితనమేమో యని ఇప్పుడు తోచుచున్నది.

ఈ భువనగిరి రాతిపైననే ఎక్కుట నేర్చిన బాలిక యొకతె కలదు. నిజామాబాదు ప్రాంతపు పాకాల గ్రామమున పుట్టిన మాలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుచు, ఇచ్చట శిక్షణ మొదలుపెట్టి, 2014 మే 25న ఎవరెస్టు శిఖర మెక్కినది. అప్పటికామెకు పదునాలుగేండ్లు నిండలేదు. ఆ బాలికయు ఒకనాడు ఒక తల్లి చంకలోని పసికందే గదా! ఎవ్వరు ఎప్పుడు ఏ శిఖర మెక్కుదురో, దానికొక కాలము కలదు. నేను పైదాక పోలేదు. రొమ్ములు బరువెక్కి పాప యాకలివేళ తెలిపినవి. సగమునుండి దిగివచ్చితిని. పాప అప్పుడే కన్నులు తెరచి నన్ను చూచి నవ్వినది.

ఆ రాత్రి జనగామలో మా యక్క యింట నుంటిమి. అక్క సంగతి విని, "రేపటిది మానుకొండి" అన్నది. పాప మాత్రము రాత్రియంతయు హాయిగా నిద్రించి, తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచి కేరింతలు కొట్టినది. గడియారము బిడ్డ చేతిలోనున్నచో, ఆ గడియారమునే అనుసరింతమని మొదటి బస్సుకే బయలుదేరి పాలకుర్తి పోయితిమి.

పాలకుర్తి సోమనాథకవి పుట్టిన యూరు. బసవపురాణము, పండితారాధ్యచరిత్రము వ్రాసిన మహానుభావుడు. ఊరిప్రక్క గుట్టపై రెండు గుహలు. ఒకదానిలో సోమేశ్వరుడు, ఒకదానిలో లక్ష్మీనరసింహుడు, ఇరుగుపొరుగువారివలె నున్నారు. మేమెక్కునప్పటికి రాతికి రాత్రి చలి యింకను పోలేదు. ఈసారి పాపను మా వారు వీపునకు కట్టుకొనిరి; ఉన్నిటోపీ పెట్టి నేను వెనుక నడచితిని. మోయువాడు నడకతో వేడెక్కును గాని మోయబడు బిడ్డ కదలదు గనుక చలి తగులును. అందుచే మాటిమాటికి పాదములు ముట్టి చూచుచుంటిని.

ఇచ్చట ప్రదక్షిణము చేయు త్రోవ గుట్టరాళ్ల నడుమ నుండి పోవును. దానికొక స్థలకథ కలదు. పూర్వమొక వృద్ధురాలు దినదినమును గుట్టయంతయు చుట్టి ప్రదక్షిణము చేయుచుండెడిదట. వయస్సు మీరి కాళ్లాడక కష్టపడుచుండగా, స్వామి కరుణించి గుట్టను చీల్చి ఆమెకు దారి యిచ్చెనట. నేను ఆ రాళ్ల నడుమ నిలిచి ఆ కథ విన్నప్పుడు నిన్నటి మొదటి ద్వారము కన్నుల గట్టినది. శక్తిగలవారితో సమానముగా నడువుమని ఆ ముసలమ్మను స్వామి యనలేదు; ఇంట నుండుమనియు అనలేదు. ఆమె కాళ్లకు సరిపడు దారి చేసినాడు. ఇంటిలోనివారు బాలింతకు చేయవలసినదియు అదియే యని నాకు తోచినది. ముందొక మెట్టు దిగి భుజమిచ్చుట, కొంతసేపు బిడ్డను చూచి పోయి రమ్మనుట, జరిగి చోటిచ్చుట, ఇవన్నియు రాతిని చీల్చి దారి యిచ్చుటలే.

సోమనాథుని బసవపురాణమున బెజ్జమహాదేవి కథ కలదు. శివునకు తల్లి లేదని జాలిపడి, తల్లియే యున్న బూడిద పూసికొననిచ్చునా, పాములు పెట్టుకొననిచ్చునా యని తలపోసి, తానే తల్లియై తలయంటి, పాలు పోసి లాలించిన భక్తురాలామె. స్వామి పరీక్షింపగోరి అంగిటిముల్లు తెచ్చుకొని పాలు మానగా, ఆ తల్లి పడిన తల్లడము చిన్ననాడు చదివినప్పుడు నాకు నవ్వు వచ్చెడిది. ముందునాడు వేపచెట్టు క్రింద కూర్చుండిన పిమ్మట ఇక నవ్వు రాదు. పాలు మానిన బిడ్డ తల్లికి లోకమంతయు ఆ చిన్న నోటియొద్దనే నిలిచిపోవును. ఆ సంగతి పురుషుడయ్యు ఆ కవికి తెలిసినది.

పాపను దింపి రాతిగోడ దగ్గర నిలువబెట్టితిని. రెండు చేతులు చాచి రాతిని పట్టుకొని, చల్లదనమునకు తొలుత చేతులు వెనుకకు తీసికొని, మరల పట్టుకొని, నావైపు తిరిగి యేదో చెప్పినది. ఎండ యెక్కకమునుపే దిగి, సమీపముననున్న బమ్మెరకు పోయితిమి. పోతనగారి యూరు. పొలముగట్టున పాపను దింపగా ఆ మట్టిలో కొంతసేపు ప్రాకి, పిడికెడు నోటబెట్టుకొన్నది. మన్ను తిన్న బాలకృష్ణుని గూర్చి అంతటి కవి తెలుగు చేసిన యూరిలో నేనేమని కోపింతును? నోరు తుడిచి యెత్తుకొంటిని.

సాయంకాలమునకు ఇల్లు చేరితిమి. అత్తగారు వాకిటనే పాపను అందుకొని తలనుండి పాదముల వరకు తడిమి చూచి, అప్పుడు నన్నడిగిరి: "పైదాక ఎక్కినవా?"

కోటపై సగమువరకే పోయితిననియు, పాపకు ఎండ తగిలి దించితి ననియు దాచక చెప్పితిని. మందలింతురని తలవంచుకొంటిని. ఆమె పాపను భుజమున వేసికొని కొంతసేపు ఊరకుండి, "నీ పెనిమిటి కడుపున బడ్డప్పుడు కొడవటూరు గుట్ట మానేసిన. పిల్లగాడు పెద్దగైనంక పోదామనుకున్న. ఇగ పోనే లేదు" అనిరి.

నలుబది యేండ్లు! ఆ గుట్ట మా యూరికి అంత దగ్గర. ఆమెను ఎవ్వరును వలదనలేదు, రమ్మనియు ఎవ్వరనలేదు. బిడ్డకొరకు కొన్నాళ్లు మానుకొన్నది ఎన్నటికి మానుకొన్నదిగా మారిపోవుట ఎంత సులభము! నేను భువనగిరిలో సగమున తిరిగివచ్చితిని. అది మానుకొనుట కాదు, వాయిదా వేయుట. ఈ రెండింటికిని గల భేదము మా యత్తగారి ముఖమున నాకు కనబడినది.

"శివరాత్రికి పోదాం అత్తమ్మా, తెల్లవారకముందే. నేను ఒక మెట్టు ముందుంటా" అంటిని. ఆమె నవ్వి, "నా మోకాళ్లకు నీ దేవుడు గుట్టను చీలుస్తడా?" అనిరి. పాలకుర్తి కథ చెప్పుటకు అంతకంటె మంచి సమయము దొరకదని, పాపను ఒడిలో వేసికొని పాలిచ్చుచు మొదలుపెట్టితిని.